హెడ్‌సెట్‌లో కంటి జాడ పట్టడం – నాలుగో పాఠం: కాలిబ్రేషన్

కెమెరాకు కనిపించే కంటి కదలికను, మనిషి తెర మీద నిజంగా చూస్తున్న చోటుతో జతచేయడమే కాలిబ్రేషన్. గత మూడు పాఠాలూ చేతులతో చేసినవారి దగ్గర ఈపాటికి ఏమేమి ఉండాలో ముందు చూసుకుందాం. ఫోను పెట్టుకునే చౌక వీఆర్ (వర్చువల్ రియాలిటీ) పెట్టె. దాని కుడి కటకం కింది అంచున, పరారుణ వడపోత తీసేసిన చిన్న యూఎస్‌బీ కెమెరా. ఆ పక్కనే 850 నానోమీటర్ల ఎల్‌ఈడీ ఒకటి. ల్యాప్‌టాప్ తెర మీద నలుపు తెలుపుల్లో మీ కన్ను, కంటిపాప చుట్టూ ప్రోగ్రాము గీసిన దీర్ఘవృత్తం, కార్నియా (కంటి ముందరి పారదర్శక పొర) మీద ఎల్‌ఈడీ ప్రతిబింబించిన మెరుపు చుక్క. ప్రతి ఫ్రేముకూ నాలుగు సంఖ్యలు ఫైల్లో పడుతుండాలి: కంటిపాప కేంద్రం అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత, మెరుపు చుక్క అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత. ఇవి లేనివారు ఈ పాఠం చదవగలరు కానీ చేయలేరు. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో ఎల్‌ఈడీలు, రెసిస్టర్లు దొరుకుతాయి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో కెమెరా దొరుకుతుంది. ఒక మధ్యాహ్నం కేటాయించి తెచ్చుకోండి.

ఎల్‌ఈడీ గురించి రెండో పాఠంలో చెప్పినది మళ్లీ చెబుతాను. పరారుణ కాంతి కంటికి కనిపించదు కాబట్టి కంటిపాప ముడుచుకోదు, రెప్ప వాలదు. కన్ను తనను తాను కాచుకోలేదు. ఎక్కువ సేపు పడే పరారుణ కాంతి చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీవాట్లు దాటకూడదన్నది అంతర్జాతీయంగా పాటించే హద్దు. మీరు కొన్న ఎల్‌ఈడీ వివరాల పత్రంలో స్టెరేడియనుకు (ఘనకోణం ప్రమాణం) ఎన్ని మిల్లీవాట్లో రాసి ఉంటుంది. ఆ సంఖ్యను సెంటీమీటర్లలో దూరం వర్గంతో భాగించండి. స్టెరేడియనుకు 20 అనుకుంటే, 3 సెంటీమీటర్ల దూరంలో 20ని 9తో భాగించగా సుమారు 2.2 వస్తుంది. ఇది చాలినంత తక్కువ. రాత్రిపూట వీధిని చూసే నిఘా కెమెరాల్లోని పెద్ద ఎల్‌ఈడీలను మాత్రం కంటి దగ్గరకు తేవద్దు. వివరాల పత్రం ఇవ్వలేని దుకాణంలో కొనకండి.

ఇక అసలు విషయం. ఫైల్లో పడుతున్న ఆ నాలుగు సంఖ్యల్లో చూపు లేదు. కెమెరాకు కంటిపాప కనిపిస్తుంది, కార్నియా కనిపిస్తుంది. మీరు దేన్ని చూస్తున్నారో కనిపించదు. కంటిపాప మధ్య నుంచి తిన్నగా ముందుకు గీసిన గీత మీద మన చూపు ఉండదు. రెటీనాలో అతి స్పష్టంగా చూసే గుంట ఆ గీతకు కాస్త పక్కగా, చెవి వైపు జరిగి ఉంటుంది. దానివల్ల కంటి గీతకు, చూపు గీతకు మధ్య అడ్డంగా 5 డిగ్రీల దాకా తేడా వస్తుంది. ఆ తేడా మనిషి మనిషికీ మారుతుంది, ఒకే మనిషికి కుడి కంటికీ ఎడమ కంటికీ కూడా మారవచ్చు. అందుకే ఎంత ఖరీదైన హెడ్‌సెట్ అయినా మొదటిసారి పెట్టుకోగానే చుక్కలు చూపించి వాటిని చూడమంటుంది. తూచేముందు తక్కెడకు పాసంగం చూసినట్టే ఇది.

పని మొదలుపెట్టే ముందు కొలతలు మనసులో పడాలి. ఇవి లేకుండా చేసేవారు తరవాత తప్పు ఎక్కడుందో తెలియక తల పట్టుకుంటారు. కన్ను తిరిగే కేంద్రం కార్నియాకు సుమారు 13.5 మిల్లీమీటర్ల వెనక ఉంటుంది. కంటిపాప కార్నియాకు 3 మిల్లీమీటర్లకు పైచిలుకు వెనక ఉంటుంది. అంటే కంటిపాప దాదాపు 10 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతుంది. చూపు ఒక డిగ్రీ తిరిగితే కంటిపాప కదిలేది 0.17 మిల్లీమీటర్లే. మీ కెమెరా 640 పిక్సెళ్ల వెడల్పులో 30 మిల్లీమీటర్ల ముఖభాగాన్ని చూపుతోందనుకుందాం. మిల్లీమీటరుకు 21 పిక్సెళ్లు. ఒక డిగ్రీకి మూడున్నర పిక్సెళ్ల పైన, అంతే. మూడో పాఠంలో దీర్ఘవృత్తం అంచును పిక్సెల్ కన్నా సన్నగా పట్టాలని అంత పట్టుబట్టింది ఇందుకే.

ఇదే లెక్కను తిరగేయండి. హెడ్‌సెట్ ముక్కు మీద ఒక్క మిల్లీమీటరు జారితే కంటిపాప చిత్రంలో 21 పిక్సెళ్లు జరుగుతుంది. ప్రోగ్రాముకు అది దాదాపు 6 డిగ్రీల చూపుగా కనిపిస్తుంది. కన్ను మాత్రం కదలనే లేదు! బల్ల మీద పెట్టే పరికరాలకు తల కదలడం పెద్ద తలనొప్పి. తలకు పెట్టుకునే హెడ్‌సెట్‌లో కెమెరా తలతోపాటే తిరుగుతుంది కాబట్టి ఆ బాధ పోయింది, దాని స్థానంలో జారుడు వచ్చింది. మే నెలలో హైదరాబాద్ చెమటకు, తలనూనెకు పట్టీ ఎంత బిగించినా కాస్త దిగుతుంది. మాట్లాడినా నవ్వినా చెంపలు పైకి లేచి పెట్టెను తోస్తాయి.

జారుడుకు మందు మెరుపు చుక్క. హెడ్‌సెట్ జారితే కంటిపాప, మెరుపు చుక్క రెండూ చిత్రంలో దాదాపు కలిసే జరుగుతాయి. కన్ను తిరిగితే కంటిపాప ఎక్కువ, చుక్క తక్కువ జరుగుతాయి. కాబట్టి కంటిపాప కేంద్రం నుంచి చుక్క స్థానాన్ని తీసివేసి, ఆ తేడానే వాడతాం. దీనికి చెల్లించే ధర ఉంది: డిగ్రీకి మూడున్నర పిక్సెళ్లున్న కదలిక తేడాలో సగానికి పడిపోతుంది. అంటే చెదురు (చూపు నిలిచి ఉన్నా సంఖ్యలు అటూ ఇటూ ఊగడం) రెట్టింపవుతుంది. నిశ్చలంగా కూర్చుని అయిదు నిమిషాల్లో ముగించే పనికి కంటిపాప ఒక్కటే మంచిది. ఇల్లంతా తిరిగే పనికి తేడా మంచిది. మన పాఠంలో తేడానే వాడదాం, ఎందుకంటే అయిదు నిమిషాలు నిశ్చలంగా కూర్చునే మనిషి దొరకడం కష్టం.

చుక్కలు చూపించే తెర ఇప్పుడు. ఫోనుకూ ల్యాప్‌టాప్‌కూ వేరువేరు గడియారాలు పెట్టుకుని వాటిని కలిపే తంటా వద్దు. చుక్కను ఎక్కడ, ఎప్పుడు చూపాలో ల్యాప్‌టాపే నిర్ణయించి, వైఫై ద్వారా ఫోను బ్రౌజర్‌లోని పేజీకి పంపాలి. పంపిన క్షణాన్ని కంటి సంఖ్యలు పడుతున్న అదే ఫైల్లో రాసుకోవాలి. వైఫై ఆలస్యం మనకు అడ్డురాదు, కారణం కాసేపట్లో తెలుస్తుంది.

తెర మీద దూరాలను పిక్సెళ్లలో కాక మిల్లీమీటర్లలో పెట్టండి. బ్రౌజర్ చెప్పే పిక్సెల్, తెర మీది అసలు పిక్సెల్ ఒకటి కావు. పేజీలో 100 ప్రమాణాల గీత గీసి, ఫోను మీద స్కేలు పెట్టి కొలిస్తే గొడవ ఉండదు. మీ పెట్టె కటకం నాభ్యంతరం 40 మిల్లీమీటర్లు, తెర నాభి దగ్గర ఉందనుకుందాం. కటకం మధ్యకు ఎదురుగా ఉన్న బిందువు నుంచి 7 మిల్లీమీటర్లు జరిగితే 10 డిగ్రీలు. కాబట్టి మధ్యలో ఒకటి, దాని చుట్టూ 7 మిల్లీమీటర్ల ఎడంలో ఎనిమిది, మొత్తం మూడు వరసల్లో తొమ్మిది చుక్కలు. నేపథ్యం తెలుపూ కాదు, నలుపూ కాదు, మధ్యస్థ బూడిద రంగు. వెలుగు మారితే కంటిపాప పెద్దదీ చిన్నదీ అవుతుంది, ఆ మార్పులో దాని కేంద్రం కూడా కొద్దిగా పక్కకు జరుగుతుంది. నల్లటి తెర మీద కాలిబ్రేషన్ చేసి తెల్లటి పేజీ చదివించేవారు ఈ తప్పును కొని తెచ్చుకుంటారు. కంటి డాక్టరు చుక్కల మందు వేసి కంటిపాపను విప్పిన రోజున ఎవరికీ కాలిబ్రేషన్ చేయవద్దు.

ఒక్కో చుక్కను ఒకటిన్నర సెకను చూపండి. సెకనుకు 30 ఫ్రేముల కెమెరాలో అది 45 ఫ్రేములు. మొదటి 15 ఫ్రేములు పారేయండి. కొత్త చుక్క కనిపించాక కన్ను కదలడం మొదలుపెట్టడానికే సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది, తరవాత గెంతు, గెంతు దిగాక చిన్న సర్దుబాటు. వైఫై ఆలస్యం కూడా ఈ పారేసిన ఫ్రేముల్లోనే కలిసిపోతుంది. మిగిలిన 30లో రెప్పపాటు ఉంటే దాన్నీ తీసేయాలి. ఇక్కడ ఒక మోసం ఉంది. రెప్ప పూర్తిగా మూసిన ఫ్రేములను ప్రోగ్రామే వదిలేస్తుంది. దానికి ముందూ వెనకా రెప్ప సగం వాలిన ఫ్రేముల్లో మాత్రం కంటిపాప పైభాగం కోతపడి, కేంద్రం కిందికి దిగినట్టు కనిపిస్తుంది. అందుకే మూసిన ఫ్రేముకు అటు రెండు, ఇటు మూడు అదనంగా తీసేయండి. మిగిలినవాటికి సగటు కాదు, మధ్యగతం తీయండి. ఒకటి రెండు చెడ్డ ఫ్రేములు మిగిలినా మధ్యగతం చలించదు.

ఇప్పుడు తొమ్మిది జతలు చేతికొచ్చాయి: కంటి వైపు తేడా, తెర వైపు చుక్క స్థానం. వీటిని కలిపే సూత్రం రెండో తరగతి బహుపది, అంటే వర్గాల దాకా వెళ్లేది. తెర మీది అడ్డు స్థానానికి ఆరు పదాలు కావాలి: ఒక స్థిరాంకం, అడ్డు తేడా, నిలువు తేడా, రెండింటి లబ్ధం, అడ్డు తేడా వర్గం, నిలువు తేడా వర్గం. ఒక్కోదానికి ఒక్కో గుణకం. నిలువు స్థానానికి మళ్లీ అవే ఆరు పదాలు, వేరే ఆరు గుణకాలు. తొమ్మిది సమీకరణాలు, ఆరు తెలియనివి, కనిష్ఠ వర్గాల పద్ధతి (తప్పుల వర్గాల మొత్తం అతి తక్కువయ్యే గుణకాలను ఎంచుకోవడం). పైథాన్‌లో నంపై అనే లెక్కల లైబ్రరీ ఉంటే ఒక్క పంక్తి పని. వర్గాలు చేసే ముందు తేడాల నుంచి వాటి సగటును తీసివేసి చిన్న సంఖ్యలుగా మార్చుకోండి, లెక్క స్థిరంగా ఉంటుంది.

మూడో తరగతి బహుపది ఇంకా బాగుంటుందేమో అని మనసు లాగుతుంది. దానికి పది గుణకాలు కావాలి, మన దగ్గర ఉన్నవి తొమ్మిది చుక్కలు. అది తొమ్మిదింటి గుండానూ తప్పకుండా వెళుతుంది, తప్పు సున్నా అని చూపుతుంది, చుక్కల నడుమ ఎటో కొట్టుకుపోతుంది. సున్నా తప్పు చూసి మురిసిపోకండి.

తప్పును కొలవాల్సింది వేరే చుక్కల మీద. తొమ్మిది చుక్కల నడుమ ఏర్పడే నాలుగు గడుల మధ్య బిందువులు ఇందుకు సరిపోతాయి. అవి కాలిబ్రేషన్‌లో వాడనివి కాబట్టి అబద్ధమాడవు. ఒక్కో చుక్క దగ్గర ప్రోగ్రాము చెప్పిన స్థానానికీ అసలు స్థానానికీ దూరం మిల్లీమీటర్లలో తీసి, 0.7తో భాగిస్తే డిగ్రీలు. ఇది గురి. చూపు నిలకడగా ఉన్న ముప్పై ఫ్రేముల్లోనూ సంఖ్యలు ఎంత అటూ ఇటూ ఊగుతున్నాయో మరొకటి, అది చెదురు. రెండూ వేరువేరుగా రాసుకోండి. చెదురు తక్కువై గురి చెడితే కాలిబ్రేషన్ చెడిందని అర్థం. గురి బాగుండి చెదురు ఎక్కువైతే దీర్ఘవృత్తం అంచు సరిగ్గా దొరకడం లేదు, కాలిబ్రేషన్ ఎన్నిసార్లు చేసినా బాగుపడదు.

మన చేతి పెట్టెలో 2 డిగ్రీలు వస్తే సంతోషించండి. పోలికకు, 2019లో వచ్చిన హెచ్‌టీసీ వైవ్ ప్రో ఐ హెడ్‌సెట్‌కు కంపెనీ ప్రకటించిన గురి 0.5 నుంచి 1.1 డిగ్రీలు, వేగం సెకనుకు 120 సార్లు. దాని పక్కనే చిన్న అక్షరాల్లో ఉండే షరతును కూడా చదవాలి: ఆ గురి చూపు క్షేత్రంలోని మధ్య 20 డిగ్రీల లోపలే. అంచులకు వెళ్లే కొద్దీ ఎవరి పరికరమైనా తడబడుతుంది. ప్రకటనల్లో ఒక్క సంఖ్య చూసి నమ్మేవారికి ఇది తెలియాలి.

తప్పుల ఆకారం చూసి రోగం చెప్పవచ్చు. నాలుగు పరీక్ష చుక్కల దగ్గరా తప్పు ఒకే దిక్కుకు ఉంటే హెడ్‌సెట్ జారింది. కింది చుక్కల దగ్గరే చెడితే, కిందికి చూసినప్పుడు పై రెప్ప వెంట్రుకలు కంటిపాపను కప్పుతున్నాయి, కెమెరాను ఇంకాస్త కిందికి దించండి. పగలు బాగుండి సాయంత్రం ఎండ తగిలే గదిలో చెడితే, ఎండలోని పరారుణ కాంతి మీ ఎల్‌ఈడీని ముంచేస్తోంది. పరదా వేయండి. ట్యూబులైటుతో, ఎల్‌ఈడీ బల్బుతో ఈ బాధ ఉండదు, పాతకాలపు ఫిలమెంట్ బల్బుతో ఉంటుంది.

ఇంట్లోవాళ్ల మీద ప్రయత్నిస్తే కొత్త సంగతులు బయటపడతాయి. మన నల్లటి, ముదురు గోధుమ రంగు కళ్లు మామూలు కెమెరాకు కష్టం, ఐరిస్‌లో (కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం) కంటిపాప కలిసిపోతుంది. పరారుణంలో అదే ఐరిస్ లేత బూడిద రంగులో కనిపించి కంటిపాప విడిగా తేలుతుంది. అంతవరకూ అదృష్టమే. కాటుక మాత్రం పరారుణంలోనూ నల్లగానే ఉంటుంది. రెప్ప అంచున దట్టంగా దిద్దిన కాటుకను ప్రోగ్రాము కంటిపాప అనుకోవచ్చు. వాళ్లను కాటుక తుడుచుకు రమ్మనకండి. ప్రోగ్రామును దిద్దండి. మెరుపు చుక్క చుట్టూ ఉన్న కొంత మేరలోనే వెతకమనండి, పొడవు వెడల్పుకు రెండింతలు దాటిన నల్ల మచ్చను తిరస్కరించమనండి. శుక్లాల ఆపరేషన్ అయిన తాతయ్య కంట్లో ఒకటికి రెండు మూడు మెరుపులు కనిపిస్తాయి. లోపల అమర్చిన కృత్రిమ కటకం నుంచి వచ్చే ప్రతిబింబాలవి. కార్నియా మెరుపు మిగతావాటికన్నా ప్రకాశవంతంగా ఉంటుంది, దాన్నే ఎంచుకోవాలి.

ఇంకొక మాట, సాంకేతికం కాదు కానీ వదిలేయలేనిది. ఆధార్ కోసం ఐరిస్ తీసే యంత్రం కూడా పరారుణ కాంతిలోనే కంటిని దగ్గరగా చిత్రిస్తుంది. మీ ఫోల్డర్లో చేరుతున్న వీడియోలు అలాంటివే. ఎదుటి మనిషిని అడిగి తీయండి, లెక్క ముగిశాక వీడియో చెరిపేసి నాలుగు సంఖ్యల ఫైలును మాత్రమే ఉంచుకోండి. స్నేహితుల గ్రూపులో సరదాగా పంచవద్దు.

వచ్చే పాఠానికి ముందు చేయాల్సిన అభ్యాసం ఇది. తొమ్మిది చుక్కల కాలిబ్రేషన్ చేసి, నాలుగు పరీక్ష చుక్కల మీద గురి, చెదురు రాసుకోండి. హెడ్‌సెట్ తీయకుండా పది నిమిషాలు ఎవరితోనైనా కబుర్లు చెప్పండి. మళ్లీ కాలిబ్రేషన్ చేయకుండా ఆ నాలుగు చుక్కలనే చూడండి. అదే రికార్డింగును కంటిపాప ఒక్కదాన్నే వాడి ఒకసారి, తేడా వాడి మరోసారి లెక్కించి, రెండింటిలో జారుడు ఎంత మిగిలిందో డిగ్రీల్లో పోల్చండి. ఆ తరవాత ఒక నిమిషం పాటు చుక్క 10 డిగ్రీల ఎడంలో అటూ ఇటూ గెంతుతుండగా చూసి, ఆ ఫైలును విడిగా దాచండి. అయిదో పాఠంలో చూపు ఎప్పుడు నిలిచింది, ఎప్పుడు గెంతింది అని విడదీస్తాం. అంతటి గెంతు 50 మిల్లీసెకన్లలోపే ముగుస్తుంది. 30 ఫ్రేముల కెమెరాకు అందులో చిక్కేది ఒకటి రెండు ఫ్రేములే. కాబట్టి సెకనుకు 60 గానీ 120 గానీ ఫ్రేములు తీసే కెమెరా దొరికితే ఈలోగా చూసి ఉంచుకోండి.