రామప్ప ఎర్రరాయి ఆన్‌లైన్‌లో ఎందుకు వెలిసిపోతుంది: చారిత్రక కట్టడాల ఫొటోలలో సమస్యలు, పరిష్కారాలు

కెమెరా తెరపై బాగుండి, ఇంట్లో కంప్యూటరులో తెరిచినప్పుడూ బాగుండి, ఆన్‌లైన్‌లో పెట్టగానే కళ తప్పిందని గుళ్లను, కోటలను, లోయలను ఫొటోలు తీసేవారు తరచుగా ఫిర్యాదు చేస్తుంటారు. వారిలో చాలా మంది వెంటనే కెమెరానో, ఫొటో పెట్టిన సైటునో తప్పుపడతారు. కొందరు కొత్త లెన్స్ కొనడానికి కూడా సిద్ధపడతారు. అంతకంటే ముందు చేయవలసిన పరీక్ష ఒకటుంది. దానికి రెండు నిమిషాలు చాలు, కానీ ఎంత చెప్పినా దాన్ని చేసి చూసేవారు అరుదు.

మొట్టమొదట చేయవలసిన పరీక్ష

ఆన్‌లైన్‌లో పెట్టిన ఫొటోను తిరిగి డౌన్‌లోడ్ చేసి, కెమెరా నుంచి వచ్చిన అసలు ఫైలు పక్కన పెట్టి, రెండింటినీ ఒకే తెరపై చూడండి. ఒకదాన్ని ఫోన్‌లోనూ మరొకదాన్ని కంప్యూటరులోనూ చూసి పోల్చడం వల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే అప్పుడు మీరు పోలుస్తున్నది రెండు తెరలను, రెండు ఫొటోలను కాదు. ఒకే తెరపై రెండూ ఒకేలా ఉంటే ఆన్‌లైన్‌లో ఏమీ జరగలేదు, లోపం ఫొటో తీసినప్పుడే ఉందని అర్థం. తేడా కనిపిస్తే, ముందుగా రెండు ఫైళ్ల పిక్సెల్ కొలతలు చూడండి. అసలు ఫైలు 4000×3000 పిక్సెళ్లు ఉండి, మీరు సైటుకు ఎక్కించిన ఫైలు 1600×1200 మాత్రమే ఉంటే, అది దారిలో ఎక్కడో కుదించుకుపోయింది. చాలాసార్లు ఆ దారి వాట్సాప్. ఫోన్ నుంచి కంప్యూటరుకు ఫొటోను వాట్సాప్‌లో తమకు తామే పంపుకొని, అక్కడి నుంచి సైటుకు ఎక్కించేవారు ఎందరో ఉన్నారు. కేబుల్‌తో తెచ్చుకోండి, లేదా వాట్సాప్‌లోనే ‘డాక్యుమెంట్’గా పంపుకోండి. శిల్పాల అంచులు మసకబారి, ఆకాశంలో చారలు చారలుగా కనిపించే ఫొటోలలో చాలా భాగం ఇంతటితోనే బాగుపడతాయి.

ఇన్‌స్టాగ్రామ్ వంటి చోట్ల వెడల్పు 1080 పిక్సెళ్లకు తగ్గడం సాధారణం. రామప్ప గుడి చూరు కింది మదనికల (స్త్రీ శిల్పాల) నగల్లోని నగిషీ అక్కడ కనిపించాలని ఆశించకూడదు. ఆ వివరం నలుగురికీ అందాలనుకుంటే, పూర్తి పరిమాణంలో ఫైలును ఉంచే వికీమీడియా కామన్స్ వంటి చోట పెట్టడమే మార్గం.

ఫొటో అంతా పొగ కమ్మినట్టు ఉంటే

లెన్స్ తుడవండి. ఫోన్ కెమెరా గాజు మీద వేలిముద్ర పడితే, ఎదురుగా వెలుతురు ఉన్న ప్రతి ఫొటోలోనూ ఆ వెలుతురు చుట్టూ తెల్లటి తెర పరుచుకుంటుంది. కోట గుమ్మం లోపలి నుంచి బయటికి తీసే ఫొటోలలో ఇది మరీ స్పష్టంగా బయటపడుతుంది. ఏసీ కారులోంచి దిగి నేరుగా వానాకాలపు గాలిలో కెమెరా తీస్తే గాజుపై తేమ కూడా పడుతుంది. దాన్ని తుడిచినా మళ్లీ పడుతుంది కాబట్టి, కెమెరాను సంచిలోనే ఉంచి బయటి వేడికి అలవాటు పడనివ్వాలి. ఇంతకు మించి ఇందులో ఏమీ లేదు.

ఎర్రరాయి వెలిసిపోయి, నల్లరాయి మాత్రం అలాగే ఉంటే

అసలు చెప్పవలసిన సమస్య ఇదే. దీని గురించి వివరంగా రాయడానికి కారణం, ఇది నా సమయాన్ని అన్నింటికంటే ఎక్కువగా తినేసిన లోపం కావడమే. ఇది కెమెరాలో కనిపించదు, ఇంటి కంప్యూటరులో కనిపించదు. ఒక సైటులో బాగుండి మరో సైటులో కనిపిస్తుంది. అందువల్ల తప్పు ఆ సైటుదేనని ఎవరైనా నమ్ముతారు.

దీన్ని గుర్తుపట్టడానికి పాలంపేటలోని రామప్ప గుడిని మించిన చోటు లేదు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ గుడి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన నాటి నుంచి, దాని ఫొటోలు ఆన్‌లైన్‌లో విరివిగా కనిపిస్తున్నాయి. గుడి శరీరమంతా ఎర్ర ఇసుకరాయి. లోపలి స్తంభాలు, చూరు కింద నిలిచిన మదనికలు నునుపుగా చెక్కిన నల్లరాయి. చుట్టూ పచ్చిక. అంటే ఒకే చట్రంలో ఎరుపు, నలుపు, పచ్చ మూడూ దొరుకుతాయి. ఇప్పుడు మీ అసలు ఫైలునూ, ఆన్‌లైన్ నుంచి దించుకున్న ఫైలునూ పక్కపక్కన పెట్టి, గోడను ఒకసారి, మదనికను ఒకసారి చూడండి. గోడ ఎరుపు తగ్గి మట్టిరంగుకు దిగి, పచ్చిక ఎండిపోయినట్టు పాలిపోయి, మదనిక మాత్రం రెండింటిలోనూ ఒకే నలుపుతో ఉంటే, కారణం కలర్ ప్రొఫైల్ అని అనుమానం లేకుండా చెప్పవచ్చు. ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుతురు మోతాదు) లోపమైతే నల్లరాయి కూడా మారాలి. వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగుకు తగ్గట్టు తెలుపును సరిచేసే అమరిక) లోపమైతే నల్లరాయి మీద కూడా నీలమో పసుపో అంటాలి. కుదింపు లోపమైతే అంచులు చెదరాలి గానీ రంగులు ఇలా ఎంచుకుని పోవు.

అసలు జరిగేది ఇది. ఫొటో ఫైలులో ఉండేవి రంగులు కాదు, అంకెలు. ఆ అంకెలను ఏ కొలబద్దతో చదవాలో చెప్పే చీటీయే కలర్ ప్రొఫైల్. ఇంటర్నెట్ అంతా అలవాటుగా వాడే కొలబద్ద ఎస్‌ఆర్‌జీబీ. అచ్చు పని కోసం వచ్చిన, అంతకంటే విశాలమైన కొలబద్ద అడోబ్ ఆర్‌జీబీ. ఎస్‌ఆర్‌జీబీలో నిండు ఎరుపును 255, 0, 0 అని రాస్తే, సరిగ్గా అదే ఎరుపును అడోబ్ ఆర్‌జీబీలో 219, 0, 0 అని రాస్తారు. నిండు పచ్చ ఒకదానిలో 0, 255, 0 అయితే, రెండవదానిలో 144, 255, 60 అవుతుంది. ఫైలుతో పాటు చీటీ ఉన్నంత వరకు ఈ తేడా వల్ల ఏ ఇబ్బందీ లేదు. ఫొటోను ఎక్కించిన చోట ఆ చీటీ చిరిగిపోతే, చదివే ప్రోగ్రాం ఆ 219ని ఎస్‌ఆర్‌జీబీ అంకెగానే తీసుకుంటుంది, ఎరుపు అంత మేరకు తగ్గిపోతుంది. పచ్చలోకి ఎరుపు, నీలం కలిసి పచ్చిక పాలిపోతుంది. నలుపు, తెలుపు, బూడిద రంగులలో మూడు అంకెలూ సమానంగా ఉంటాయి. వాటిని రెండు కొలబద్దలూ దాదాపు ఒకేలా రాస్తాయి కనుక నల్లరాయి చెక్కుచెదరదు. గోల్కొండ గ్రానైటు గోడలను మాత్రమే తీసేవారు ఏళ్ల తరబడి ఈ లోపంతో ఫొటోలు పెడుతున్నా గమనించకపోవడానికీ, ఆలంపూరు నవబ్రహ్మ ఆలయాల ఎర్రరాయిని తీసిన తొలి రోజే బెంబేలెత్తడానికీ కారణం ఇదే.

కొందరు చిన్న సైజు బొమ్మ వెలిసిపోయింది గానీ, నొక్కి పెద్దది చేస్తే బాగుందని అంటారు. అదీ ఇదే లోపం. చిన్న బొమ్మను తయారు చేసినప్పుడు చీటీ పోయింది, పెద్ద ఫైలులో మిగిలి ఉంది.

ఈ అడోబ్ ఆర్‌జీబీ అమరిక మీ కెమెరాలో ఎలా వచ్చిందో ఆలోచించండి. ఎక్కువ రంగులు వస్తాయని ఎవరో చెప్పగా మెనూలో కలర్ స్పేస్‌ను, అంటే పైన చెప్పిన కొలబద్దను, అడోబ్ ఆర్‌జీబీకి మార్చి, ఆ సంగతి మరిచిపోయి ఉంటారు. మెనూ తెరవకుండానే దీన్ని పట్టుకోవచ్చు. ఫైలు పేరు చూడండి. నికాన్‌లో మామూలుగా ‘డీఎస్‌సీ’ అక్షరాల తర్వాత వచ్చే అండర్‌స్కోర్ గీత, అడోబ్ ఆర్‌జీబీలో తీసినప్పుడు పేరు మొదటికి వస్తుంది. కెనాన్‌లో ‘ఐఎంజీ’ అని మొదలు కావలసిన పేరులో మొదటి అక్షరం పోయి, దాని స్థానంలో గీత వచ్చి కూర్చుంటుంది. పేరు గీతతో మొదలైతే కారణం దొరికినట్టే. పేరు మార్చేసి ఉంటే, విండోస్‌లో ఫైలు ప్రాపర్టీస్‌లోని డీటెయిల్స్ పుటలో ‘కలర్ రిప్రజెంటేషన్’ అనే వరుస చూడండి. అక్కడ ఎస్‌ఆర్‌జీబీ అని కాక ‘అన్‌క్యాలిబ్రేటెడ్’ అని ఉంటే అడోబ్ ఆర్‌జీబీ అని అనుమానించవలసిందే. కొన్ని కెమెరాలు అడోబ్ ఆర్‌జీబీలో తీసినా చీటీని ఫైలులో పొందుపరచవు, ఇలా చిన్న గుర్తు మాత్రమే వదులుతాయి. అలాంటి ఫైలుకు దారిలో పోగొట్టుకోవడానికి అసలు చీటీయే ఉండదు.

పరిష్కారంలో మొదటి మెట్టు కెమెరాలో కలర్ స్పేస్‌ను ఎస్‌ఆర్‌జీబీకి మార్చడం. రా ఫైళ్లు (సెన్సర్ నుంచి వచ్చిన సమాచారాన్ని ఉన్నదున్నట్టు దాచే ఫైళ్లు) తీసేవారికి ఈ అమరికతో పని లేదు, ఎందుకంటే అది జేపెగ్‌కు మాత్రమే వర్తిస్తుంది. వారు చూడవలసింది లైట్‌రూమ్ వంటి ప్రోగ్రాంలో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఎంచుకునే కలర్ స్పేస్‌ను. అక్కడ ఇంకా విశాలమైన కొలబద్ద ప్రోఫొటో ఆర్‌జీబీ ఎంచుకుని ఉంటే, వెలిసిపోవడం అడోబ్ ఆర్‌జీబీ కంటే ఘోరంగా ఉంటుంది. ఫొటోను అచ్చుకు కూడా ఇవ్వాలనుకుంటే దానికి వేరే ఫైలు తీసుకోండి, ఆన్‌లైన్‌కు ఎప్పుడూ ఎస్‌ఆర్‌జీబీయే పంపండి, ప్రొఫైల్‌ను పొందుపరిచే గడిని కూడా టిక్ చేయండి.

ఇప్పటికే తీసిన ఫైళ్లను సరిచేసేటప్పుడు చాలా మంది బోల్తా పడే చోటు ఒకటుంది. ఫొటోషాప్‌లో ‘అసైన్ ప్రొఫైల్’, ‘కన్వర్ట్ టు ప్రొఫైల్’ అని రెండు ఆజ్ఞలు పక్కపక్కనే ఉంటాయి. జింప్ అనే ఫొటో సవరణ ప్రోగ్రాంలో కూడా ఈ రెండూ ఉన్నాయి. మొదటిది అంకెలను ముట్టుకోకుండా చీటీని మాత్రం మారుస్తుంది. రెండవది రంగు మారకుండా ఉండేలా అంకెలనే తిరగరాస్తుంది. అడోబ్ ఆర్‌జీబీ ఫైలుకు ఎస్‌ఆర్‌జీబీని ‘అసైన్’ చేస్తే, సైటులో జరిగిన నష్టమే మీ చేతుల మీదుగా మీ ఫైలులో జరుగుతుంది. ఇలా ఎంచుకోండి:

ఫైలులో అడోబ్ ఆర్‌జీబీ ప్రొఫైల్ ఉంటే, నేరుగా ఎస్‌ఆర్‌జీబీకి ‘కన్వర్ట్’ చేయండి.
ఫైలులో ప్రొఫైల్ లేకుండా అంకెలు మాత్రం అడోబ్ ఆర్‌జీబీవి అయితే, ముందు అడోబ్ ఆర్‌జీబీని ‘అసైన్’ చేయండి. గోడ ఎరుపు అప్పటికప్పుడు తిరిగి వస్తుంది. ఆ తర్వాతే ఎస్‌ఆర్‌జీబీకి ‘కన్వర్ట్’ చేయండి.

అసలు ఫైలు పోయి, ఆన్‌లైన్‌లో వెలిసిపోయిన ప్రతి మాత్రమే మిగిలినా ఈ రెండవ పద్ధతితో రంగును చాలా వరకు తిరిగి తీసుకురావచ్చు. వికీమీడియా కామన్స్‌లో అదే ఫైలు పేజీలో కొత్త ప్రతిని ఎక్కించే వీలుంది కాబట్టి, సరిచేసిన ఫొటోను వేరే పేరుతో మళ్లీ పెట్టనవసరం లేదు.

ఒక్క పని మాత్రం దయచేసి చేయకండి. రంగు తగ్గుతోందని సాచురేషన్ (రంగుల గాఢత) పెంచి పంపకండి. ప్రొఫైల్‌ను గౌరవించే సైటులో అదే ఫొటోలో గోడ కుంకుమ పూసినట్టు కనిపిస్తుంది. ఆ గుడిని ఎన్నడూ చూడని వారు రాయి రంగే అదని నమ్ముతారు. రేపు ఆ రాయి వన్నె తగ్గిందా లేదా అని ఎవరైనా పాత ఫొటోలతో పోల్చి చూడాలనుకుంటే, మన ఫొటో వారిని తప్పుదారి పట్టిస్తుంది.

ఫోన్‌లో ధగధగలాడిన ఫొటో బయట చప్పగా ఉంటే

ఇది పై సమస్యలాగే కనిపిస్తుంది గానీ వేరు. కొత్త ఐఫోన్లు, పిక్సెల్ ఫోన్లు వెలుగు భాగాలను మరింత ప్రకాశంగా చూపే అదనపు సమాచారాన్ని ఫొటోతో పాటే దాస్తాయి. ఫోన్ తెర దాన్ని వాడుకుని ఆకాశాన్ని, ఎండ పడిన శిఖరాన్ని మెరిపిస్తుంది. ఎక్కించిన చోట ఆ సమాచారం పోతే మామూలు ఫొటో మిగులుతుంది. ఇక్కడ రంగు కాదు, మెరుపు పోతుంది. ఎరుపు, పచ్చ వాటి చోట అవి ఉంటాయి. ఫోన్‌లో హెచ్‌డీఆర్‌ను, అంటే ఈ అదనపు మెరుపును, చూపే అమరికను ఆపివేసి, అప్పుడు కనిపించేదాన్నే ప్రమాణంగా పెట్టుకుని సవరించుకోండి.

లోయ అవతలి రాళ్లు కరిగినట్టు ఉంటే

గండికోటలో పెన్నా లోయ అవతలి అంచును జూమ్ చేసి తీసి, లెన్స్ పదునుగా లేదని చెప్పేవారికి ఒక పరీక్ష. కదలకుండా ఒకే చోటు నుంచి వరుసగా కొన్ని ఫొటోలు తీసి, ఒకదాని తర్వాత ఒకటి పెద్దవి చేసి చూడండి. మసక ఒక్కో ఫొటోలో ఒక్కో చోట ఉంటే అది వేడి గాలి. ఎండకు కాగిన బండల మీద నుంచి లేచే గాలి వెలుతురును వంచుతుంది, దానికి ఏ లెన్సూ విరుగుడు కాదు. అన్ని ఫొటోలలోనూ ఒకే మూల మసకగా ఉంటేనే లెన్స్‌ను అనుమానించాలి. పొద్దు పొడిచే వేళ, రాయి వేడెక్కక ముందే వెళ్లి తీయండి.

కట్టడం వెనక్కి వాలినట్టు ఉంటే

కెమెరాను పైకి ఎత్తారు కాబట్టి వాలింది. చార్మినార్‌ను దాని పాదాల దగ్గర నుంచి తీస్తే మినార్లు దగ్గరకు వాలకుండా ఉండవు. వెనక్కి జరిగి, కెమెరాను నిటారుగా పట్టుకుని, కింద ఎక్కువగా వచ్చిన నేలను తర్వాత కత్తిరించండి. సాఫ్ట్‌వేర్‌తో నిలబెట్టాలనుకుంటే అంచులు పోతాయి కనుక, తీసేటప్పుడే చుట్టూ చోటు వదలండి.

మండపం లోపల మసకగా వస్తే

చేయి వణికింది. ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచండి, దానితో ఫొటోలో వచ్చే గరుకుదనానికి భయపడకండి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాలలో ట్రైపాడ్‌కు ముందుగా అనుమతి తీసుకోవాలి. అనుమతి లేదు కదా అని శిల్పాలు చెక్కిన స్తంభానికి కెమెరాను ఆనించవద్దు, మోచేతులను మీ పక్కటెముకలకు ఆనించుకుంటే చాలు.

అరుదైనవి

ఆకాశంలో ప్రతి ఫొటోలోనూ ఒకే చోట చుక్క కనిపిస్తే సెన్సర్ మీద దుమ్ము, శుభ్రం చేయించండి. ఫొటో అడ్డంగా తిరిగి కనిపిస్తే, ఏదైనా ప్రోగ్రాంలో తెరిచి తిప్పి మళ్లీ సేవ్ చేయండి. మ్యాపులో గుడి పక్క ఊళ్లో కనిపిస్తే, ఫోన్ ఇంకా సరైన చోటును పట్టుకోక ముందే ఫొటో తీశారు, స్థానాన్ని చేతితో దిద్దండి. సెన్సర్ పాడవడం, మెమరీ కార్డు రంగులను మార్చడం వంటి కారణాలు చెప్పేవారు కూడా ఉన్నారు. కార్డు పాడైతే ఫైలు తెరుచుకోదు లేదా సగంలో తెగిపోతుంది గానీ, రంగు వెలిసిపోదు.