తెరచాప పడవల ఫొటోలు: చిత్రంలో గాలి కనబడాలంటే

ఇంజిన్ చప్పుడు లేకుండా, పొగ లేకుండా, గాలి ఒక్కటే తోస్తుంటే పడవ ఒరిగి సాగిపోతుంది. గట్టు మీద నిలబడి చూసేవాళ్ల గుండె కూడా తేలికవుతుంది. అదే పడవను ఫొటో తీస్తే చాలాసార్లు నీళ్ల మీద తెల్లగుడ్డ పాతినట్టు వస్తుంది. గాలి ఫొటోలోకి రాకపోవడమే దానికి కారణం. గాలి కంటికి కనబడదు గానీ అది చేసే పని కనబడుతుంది: నిండా ఉబ్బిన చాప, ఒక పక్కకు ఒరిగిన పడవ, దాన్ని ఆపడానికి ఎదురు పక్కకు వెనక్కి వాలిన మనిషి, నీటి మీద నల్లగా పరుగెత్తే గరుకు. వీటిలో కనీసం రెండు ఫ్రేములో ఉన్నాకే బటన్ నొక్కండి.

వరంగల్ చుట్టుపక్కల చెరువుల్లో తెరచాప పడవలు తిరగవు. మనకు దగ్గర్లో అవి కనబడేది హుస్సేన్ సాగర్‌లోనే. వానాకాలం గాలులు నిలకడగా వీస్తాయి కాబట్టి హైదరాబాద్ సెయిలింగ్ వీక్, మాన్సూన్ రెగట్టా లాంటి పోటీలు ఆ రోజుల్లోనే పెడతారు. కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాద్ 130 కిలోమీటర్ల పైచిలుకు, ఒక్క రోజులో వెళ్లి రావచ్చు. కానీ చేయి తిరగకుండా అక్కడికి వెళ్తే ఆ రోజంతా నేర్చుకోవడానికే పోతుంది. అందుకే ముందు పాకాల, రామప్ప చెరువుల కట్టల మీద సాధన చేయండి. పొద్దున్నే తెప్పల మీద వలలు వేసేవాళ్లు ఉంటారు. వాళ్లను అడిగి, పనికి అడ్డు రాకుండా తీయండి. కదిలే పడవను ఫ్రేములో నిలపడం, నీటి గీతను (అవతలి గట్టు దగ్గర నీళ్లు ముగిసే గీతను) వంకర పోకుండా ఉంచడం అక్కడే అలవాటవుతుంది. లక్నవరం వేలాడే వంతెన మీంచి కిందకి చూస్తే పడవ వెనక నీళ్లు తప్ప ఇంకేమీ ఉండదు. ఎత్తు నుంచి తీస్తే బొమ్మ ఎలా మారుతుందో తెలుసుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

ఇక గాలి దిక్కు. కల్లంలో వడ్లు తూర్పార పట్టేవాళ్లు గాలిని చూసుకునే చేట ఎత్తుతారు. కెమెరా ఎత్తే ముందూ అదే పని చేయాలి. హుస్సేన్ సాగర్ ఒడ్డునున్న సంజీవయ్య పార్కులో 2016లో నిలబెట్టిన 291 అడుగుల స్తంభం మీద జెండా ఎగురుతుంటే దిక్కు ఒక్క చూపులో తెలుస్తుంది. జులైలో గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచి వస్తుంది. ఏ పడవా గాలికి సూటిగా ఎదురు పోలేదు. దాదాపు 45 డిగ్రీల కోణంలో అటొకసారి, ఇటొకసారి మలుపులు తిరుగుతూ ఎక్కుతుంది. ఆ మలుపు తిరిగే క్షణంలో చాప రెపరెపలాడుతుంది. అప్పుడు తీసిన ఫొటోలో పడవ నీరసంగా కనబడుతుంది. మలుపు అయ్యాక చాప బిగిసేదాకా ఆగండి.

నిలబడే చోటును వెలుగు బట్టి, గాలి బట్టి తేల్చుకోవాలి. ట్యాంక్‌బండ్ తూర్పు గట్టున ఉంది. పొద్దున అక్కడ సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు, చాపల మీది అంకెలు, రంగులు స్పష్టంగా వస్తాయి. సాయంత్రం అదే చోట ఎదురు వెలుగు. చాప గుడ్డ పలచన కాబట్టి లోపల దీపం పెట్టినట్టు వెలుగుతుంది, స్వేచ్ఛ అన్న మాట బొమ్మలో పలికేది అప్పుడే. పడమర గట్టున నెక్లెస్ రోడ్డు వైపు నిలబడితే గాలికి ఎదురెక్కే పడవలు మీ వైపే వస్తాయి. చాప అవతల మనిషి దాగిపోకుండా, పడవకు ముందు నుంచి, గాలి వచ్చే వైపుకు కొంచెం జరిగి తీయండి.

మబ్బు తెల్లగా పరుచుకుంటే తెల్ల చాప అందులో కలిసిపోతుంది. అప్పుడు ఎత్తైన చోటు నుంచి తీసి, చాప వెనక నీళ్లో చెట్లో వచ్చేలా చూడండి. మబ్బు నల్లగా కమ్మితే మోకాళ్ల మీద కూర్చుని కెమెరాను నీటికి దగ్గరగా దించండి. చాప ఆకాశంలోకి లేస్తుంది.

లెన్స్ 70-300 మి.మీ. జూమ్ చాలు. ఫోన్ అయితే దాని టెలిఫొటో లెన్స్ వరకే జూమ్ చేయండి, ఆపైన వేళ్లతో సాగదీస్తే నీటి అలలు మైనంలా కరిగిపోతాయి. చిన్న పోటీ పడవలు దూరం నుంచి మెల్లగా పోతున్నట్టే కనబడతాయి కాబట్టి షట్టర్ 1/500 సెకను చాలనిపిస్తుంది. కానీ ఎగిరే నీటి చుక్కలు ముత్యాల్లా ఆగాలన్నా, 300 దగ్గర చేతి వణుకు పడకూడదన్నా 1/1000 పెట్టాలి. ఎపర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం) ఎఫ్/8, వెలుగు తగ్గితే ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచండి. ఫోకస్ నిరంతరం వెంటాడే మోడ్‌లో ఉండాలి. నున్నటి తెల్లగుడ్డ మీద ఫోకస్‌కు పట్టు దొరకదు, ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఫోకస్ బిందువును చాప మీది నంబరు మీదో మనిషి మీదో పెట్టండి.

ఎక్కువమంది దెబ్బతినేది వెలుగు కొలతలో. ఫ్రేమంతా చాప నిండితే కెమెరా దాన్ని బూడిద రంగు చేస్తుంది, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (కెమెరా కొలిచిన వెలుగును మనం సరిదిద్దే సెట్టింగును) +0.7 నుంచి +1 దాకా పెంచాలి. విశాలమైన నల్లటి నీళ్లలో చిన్న పడవ ఉంటే ఉల్టా జరుగుతుంది. కెమెరా నీళ్లను తెల్లబరచబోయి చాపను కాల్చేస్తుంది, -0.7కు తగ్గించండి. కాలిపోయిన చాపలో కుట్లు, మడతలు మళ్లీ తేలేవు. హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎంతెంత ఉందో చూపే గ్రాఫు) కుడి అంచుకు తగలకుండా చూసుకోండి.

పడవ ముందు ఖాళీ నీళ్లు వదలండి, వెనక ఉన్నదానికి కనీసం రెండింతలు. పోవడానికి చోటు కనబడితేనే చూసేవాడి మనసు కూడా పడవతో పోతుంది. ముక్కు ఫ్రేము అంచుకు తగిలితే ఎంత మంచి పడవైనా గోడకు కట్టేసినట్టే ఉంటుంది. పడవ ఒరిగినా నీటి గీత మాత్రం ఒరగకూడదు, లేకపోతే ఆ ఒరుగు పడవదో మీ చేతిదో తెలియదు.

పోటీలో మొదలయ్యే ఘట్టం వదలొద్దు. సాధారణంగా 5 నిమిషాల ముందు మొదటి సంకేతం, తర్వాత మొదలవడానికి ఇంకా 4 నిమిషాలు, 1 నిమిషం ఉండగా జెండాలు మారతాయి. ఆఖరి నిమిషంలో చాపలు వదులుగా కొట్టుకుంటుంటాయి. హారన్ మోగగానే అన్నీ ఒకేసారి బిగుస్తాయి. బరస్ట్‌ను (వరసగా ఫొటోలు తీసే మోడ్‌ను) ఆ క్షణానికి దాచుకోండి.

పడవెక్కి తీయాల్సి వస్తే లైఫ్ జాకెట్ వేసుకుని, కెమెరా పట్టీ మెడలో వేసుకోండి. మోచేతులు రెయిలింగుకు ఆనించొద్దు, ఇంజిన్ అదురు లెన్స్‌లోకి ఎక్కుతుంది. పోటీ పడవల గాలికి అడ్డంగా మీ పడవను పోనివ్వొద్దని నడిపేవాళ్లకు ముందే చెప్పండి. డ్రోన్ ఎగరేయాలనుకుంటే డిజిటల్ స్కై (డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన వెబ్‌సైట్) మ్యాపులో ఆ చోటికి అనుమతి ఉందో లేదో చూడకుండా బ్యాగులోంచి తీయకండి. ఏసీ కారులోంచి దిగగానే జులై తేమకు లెన్స్ మసకేస్తుంది. బ్యాగు జిప్పు మూసే ఉంచి 20 నిమిషాలు బయట పెట్టాక కెమెరా తీయండి.