వానలకి ముందు రైఫిల్ స్టాక్ మార్చేవాళ్ళకి కొన్ని జాగ్రత్తలు

బెంగళూరులో ఉంటూ అనంతపురం, కర్నూలు వైపు నుంచి తాతల కాలం నాటి రైఫిల్ వారసత్వంగా వచ్చి, తమ పేరున లైసెన్స్ ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు వేట అన్నది లేదు, కానీ రేంజ్‌కి తీసుకెళ్ళేవాళ్ళు, ఊళ్ళో పొలం కోసం లైసెన్స్ ఉన్నవాళ్ళు ఇంకా వాడుతూనే ఉన్నారు. వాటి స్టాక్, అంటే ఇనుప భాగాలు కూర్చునే చెక్క, చెయ్యి పట్టే సన్నటి మెడ దగ్గర పగిలిందనో వదులైందనో కొత్త స్టాక్ వేయిద్దాం అనుకుంటే మే లోపు కానిచ్చేయండి, లేదంటే వానలు పూర్తిగా తగ్గేదాకా ఆగండి.

ఎందుకంటే సీమ ఎండకి ఎండిన చెక్క ఇక్కడి తేమ తగలగానే ఉబ్బుతుంది. ఏప్రిల్‌లో చక్కగా కూర్చున్న స్టాక్ సెప్టెంబర్ వానల్లో బ్యారెల్‌ని ఒక పక్కకి నెడుతుంది, గురి ఎటో పోతుంది, మనమేమో స్కోప్ (గురి చూసే దుర్బిణి) పాడైందనుకుని దాన్ని తిప్పుతూ కూర్చుంటాం. అంతకన్నా ప్రమాదం ట్రిగ్గర్ దగ్గర. అక్కడి సందు బిగుసుకుంటే ట్రిగ్గర్ చెక్కకి రాసుకుని నొక్కి వదిలాక పూర్తిగా తన చోటికి తిరిగి రాదు, సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) కూడా సరిగ్గా పడకపోవచ్చు. కొత్త స్టాక్ బిగించాక ఖాళీ రైఫిల్‌తో ఈ రెండూ పదేపదే చూడండి, వానలు మొదలయ్యాక మళ్ళీ ఒకసారి చూడండి.

ఏ స్టాక్ కొనాలి అంటే, అటూ ఇటూ తిరిగే రైఫిల్‌కి నేనైతే లామినేటెడ్ చెక్క (పల్చటి పొరలు అతికించి చేసింది) గానీ మంచి ఫైబర్‌గ్లాస్ గానీ చెప్తా. లామినేటెడ్ కాస్త బరువు, కానీ మెలి తిరగడం తక్కువ. చవక ప్లాస్టిక్‌వి తేమకి ఏమీ కావు గానీ ముందు భాగం చేత్తో నొక్కితేనే వంగి బ్యారెల్‌కి తగులుతుంది, కొనేముందు నొక్కి చూడండి. లేదు నాకు అక్రోటు చెక్కే కావాలంటే బాగా ఆరిన చెక్క అడగండి, లోపలి వైపు కూడా నూనె గానీ సీలర్ గానీ పట్టించమనండి. చాలామంది బయట తళతళలాడేలా పాలిష్ చేయించి లోపల యాక్షన్ (తూటా ఎక్కించి పేల్చే ఇనుప యంత్రాంగం) కూర్చునే గాడి, భుజానికి ఆనే బట్ ప్యాడ్ కింద కోసిన చివర పచ్చిగా వదిలేస్తారు, నీళ్ళు తాగేది అక్కడే.

స్టాక్ కొనాల్సింది తూటా సైజు చూసి కాదు, యాక్షన్ మోడల్ చూసి. ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 రైఫిల్ లాంటి, పాత బ్రిటిష్ లీ ఎన్‌ఫీల్డ్ తరహావాటికి చెక్క రెండు ముక్కలుగా వస్తుంది, వెనక బట్ ఊడదీయాలంటే ముందు భాగం తీసేశాకే లోపలి పొడుగు బోల్ట్ తిప్పాలి. చాలా పాత మోడళ్ళలో ఆ బోల్ట్ చివర చదరంగా ఉండి ముందు చెక్కలోని ప్లేట్‌లో ఇరుక్కుని ఉంటుంది, అలాగే తిప్పితే మంచి చెక్క కాస్తా నిలువునా చీలుతుంది.

కొలత విషయానికొస్తే ట్రిగ్గర్ నుంచి బట్ చివరిదాకా మామూలుగా పదమూడున్నర అంగుళాల దగ్గర ఉంటుంది, చేతులు పొట్టిగా ఉంటే తగ్గించాలి. అలాగే వాడితే ముఖం స్కోప్‌కి దగ్గరయ్యో దూరమయ్యో ఇబ్బంది, మరీ దగ్గరైతే పేల్చినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నే తన్నుకి కనుబొమ్మ చిట్లుతుంది. ఫ్రీ ఫ్లోట్ స్టాక్ (బ్యారెల్‌కి తగలకుండా చేసింది) అయితే బ్యారెల్ కింద ఒక నోటు పెట్టి యాక్షన్ దాకా లాగి చూడండి, అడ్డం లేకుండా వెళ్ళాలి. యాక్షన్ వెనక తోక దగ్గర కూడా సన్నటి సందు ఉండాలి, లేకపోతే తన్ను అంతా అక్కడ పడి మెడ పగులుతుంది. పాత స్క్రూలు కొత్త స్టాక్‌లో పొడుగైపోయి, తూటాని లోపలికి తోసే బోల్ట్‌కి తగలొచ్చు, బిగించాక బోల్ట్ ఆడించి చూడాలి.

కాగితాల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు అన్నా. 1959 ఆయుధ చట్టంలో ఆయుధం అంటే దాని భాగాలు కూడా, కాబట్టి విదేశం నుంచి ఎవరో తెచ్చిస్తానంటే ఒప్పుకోవద్దు, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరే అడిగి కొని అక్కడే వేయించుకోండి, తెలిసిన కార్పెంటర్‌కి ఇచ్చేయకండి. కొడగులో కొడవలకి లైసెన్స్ లేకుండా తుపాకీ ఉంచుకునేందుకు ఉన్న మినహాయింపు మనకి వర్తించదు. ఊరి నుంచి రైఫిల్ తెచ్చేముందు లైసెన్స్‌లో ఏ ప్రాంతం రాసుందో చూడండి, ఆంధ్రా వరకే అయితే బోర్డర్ దాటకూడదు.

పని మొదలుపెట్టే ముందు మ్యాగజైన్, బోల్ట్ తీసి ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) కంటితో, వేలితో చూసుకుని, తూటాలు వేరే గదిలో తాళం వేయండి. అవిసె నూనె పట్టించిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి మంట అంటుకోవచ్చు, ఇది నిజం, బయట విడివిడిగా పరిచి ఆరేయండి. ఆయుధ పూజకి కుంకుమ పెట్టినా తడి పసుపు ఇనుము మీద రాత్రంతా ఉంచకుండా ఆరోజే తుడిచి నూనె రాయండి.