ఉప్పునీళ్ల చేపకి కళ్లు కనపడకపోతే ఏం చేయాల

ముందు అద్దం బయట చెయ్యి ఆడించి చూడండి, చూపున్న చేప కదుల్తాది. అనంతపురంలో మా ఇంట్లో లయన్‌ఫిష్ అయితే రొయ్య ముక్క మూతి ముందరే పడినా పక్కన ఉత్త నీళ్లని కొరికేది పాపం, అప్పుడర్థమైంది నాకు. ఒక కన్నే ఉబ్బితే ఎక్కువగా దెబ్బ తగిలుంటాది, రెండూ ఉబ్బితే వెంటనే నీళ్లు టెస్ట్ చేయండి, అమ్మోనియా సున్నా ఉండాల, ఉప్పునీళ్ల సాంద్రత (స్పెసిఫిక్ గ్రావిటీ) 1.025 దగ్గర. మన బోరు నీళ్లు వద్దే వద్దు, ఆర్‌ఓ నీళ్లలోనే సముద్రపు చేపల ట్యాంకుకి అమ్మే ఉప్పు (మెరైన్ సాల్ట్) కలపండి. మేతప్పుడు పంపు ఆపేసి, పొడుగు పట్టకారుతో ముక్కని మూతికి మెల్లిగా తాకించండి, చెయ్యి మాత్రం పెట్టొద్దు, లయన్‌ఫిష్ ముళ్లకి విషముంటాది. రోజూ అదే మూల, అదే టైం, వాసన పట్టి అదే వస్తాది. రాళ్లు జరపొద్దు, దానికి దారి గుర్తుంటాది. మేత లాక్కునే చేపల్ని వేరే ట్యాంకులోకి మార్చేయండి.