అనంతపురంలో డ్రైవింగ్ లైసెన్సు: ఎల్‌ఎల్‌ఆర్ నుంచి ‘ఎనిమిది’ దాకా

అనంతపురం చుట్టుపక్కల ఊళ్లలో చాలామంది బండి నడపడం పొలం దారుల్లోనే నేర్చుకుంటారు గానీ, లైసెన్సు సంగతి పోలీసులు ఆపిన రోజున గుర్తుకు వస్తుంది. గేర్లున్న మోటారు సైకిలుకైనా, కారుకైనా 18 ఏళ్లు నిండి ఉండాలి. 50 సీసీ మించని, గేర్లు లేని బండికి తల్లిదండ్రుల అంగీకారంతో 16 ఏళ్లకే అనుమతి ఉన్నప్పటికీ, ఇప్పుడు తిరిగే పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ ఆ పరిమితి దాటినవే కనుక, ఇంటర్ చదివే పిల్లలకు ఆ వెసులుబాటు అక్కరకు రాదు.

మొదట ఎల్‌ఎల్‌ఆర్, అంటే బండి నేర్చుకోవడానికి ఇచ్చే తాత్కాలిక లైసెన్సు తీసుకోవాలి. రవాణా శాఖ సేవలుండే పరివాహన్ వెబ్‌సైటులోని సారథి విభాగంలో ఆంధ్రప్రదేశ్‌ను ఎంచుకొని దరఖాస్తు నింపి, ఆధార్‌ను, వయసు రుజువును జతచేయాలి. నలభై దాటినవారికి డాక్టరు సంతకంతో ఫారం 1ఎ అనే వైద్య ధ్రువపత్రం కావాలి. పేరు నింపే చోట తొందర పనికిరాదు. మన ఇంటిపేరు ఒక పత్రంలో పొడి అక్షరంగా, ఇంకొక పత్రంలో పూర్తిగా ఉంటుంది. ఆ తేడాను ముందే ఆధార్‌లో సరిచేయించుకోకపోతే లైసెన్సు మీదికీ ఎక్కుతుంది. 2022లో జిల్లా విడిపోయి ధర్మవరం, కదిరి, హిందూపురం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి కాబట్టి, అక్కడివారు పాత అలవాటుతో అనంతపురం అని నొక్కకుండా తమ పిన్‌కోడుకు వర్తించే రవాణా కార్యాలయాన్నే ఎంచుకోవాలి. కేంద్ర నిబంధనల ప్రకారం ఒక్కో తరగతి వాహనానికి ఎల్‌ఎల్‌ఆర్ ఫీజు 150 రూపాయలు, పరీక్షకు 50. రాష్ట్ర సర్వీసు చార్జీలు వేరు. ఈ పరీక్షలో రోడ్డు గుర్తులు, నిబంధనల మీద ప్రశ్నలు వస్తాయి.

ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. 30 రోజులు గడిచాకే డ్రైవింగ్ టెస్టుకు అర్హత వస్తుంది. ఈ నెల రోజులను ఉత్త ఎదురుచూపుగా గడిపేవారే టెస్టులో తడబడతారని నా అభిప్రాయం. తెల్లని పలక మీద ఎర్రని ‘ఎల్’ అక్షరాన్ని బండికి ముందూ వెనుకా పెట్టుకోవాలి. కారు నేర్చుకునేటప్పుడు లైసెన్సున్న వ్యక్తి పక్కన కూర్చోవాలి.

టెస్టు రోజున బుక్ చేసుకున్న స్లాటుకు బండి ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ పత్రాలతో వెళ్లాలి. ద్విచక్ర వాహనానికి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఎదుట ‘ఎనిమిది’ వేయాలి, అంటే 8 అంకె ఆకారంలో బండి తిప్పాలి, కాలు నేలకు తగలకూడదు. మొదటి గేరులో, సగం క్లచ్ పట్టి, యాక్సిలరేటర్‌ను ఒకే తీరుగా ఉంచి, వేగం తగ్గించవలసి వస్తే వెనుక బ్రేకును మాత్రమే తేలికగా నొక్కాలి. మలుపులో ముందు బ్రేకు పట్టుకుంటే హ్యాండిల్ లోపలికి వాలిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం చూపు. మొదటిసారి వెళ్లినప్పుడు నేను ముందు చక్రాన్నే చూస్తూ నడిపి, రెండో సున్నా మధ్యలో కాలు కింద పెట్టాను. తరువాత ఖాళీ మైదానంలో సున్నపు గీతలు గీసుకొని, చక్రాన్ని కాక రాబోయే మలుపు చివరను చూస్తూ సాధన చేశాక బండి దానంతట అదే తిరిగింది. కారుకైతే హెచ్ ఆకారపు ట్రాక్‌లో వెనక్కి తీయడమే చాలామందికి కష్టమవుతుంది.

తప్పితే ఏడు రోజుల తరువాత మళ్లీ హాజరు కావచ్చు. మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి. నెగ్గినవారి లైసెన్సు ప్రభుత్వ డిజిలాకర్ యాప్‌లోనూ కనిపిస్తుంది, తనిఖీలో దానిని చూపినా చెల్లుతుంది. ముప్పై లోపు తీసుకున్న లైసెన్సు నలభై ఏళ్లు వచ్చేదాకా, ముప్పై నుంచి యాభై మధ్య తీసుకున్నది పదేళ్లు అమలులో ఉంటుంది. గడువు ముగిసి ఏడాది దాటేదాకా రెన్యువల్ మరిచిపోతే, ఆ ‘ఎనిమిది’ మళ్లీ వేయవలసిందే.