వీసీఆర్‌కు రెండో కూపన్: కన్వర్టర్ బాక్సు దరఖాస్తు విధానం (అమెరికా, 2009)

అమెరికాలో పెద్ద టీవీ స్టేషన్ల అనలాగ్ (పాత పద్ధతి) ప్రసారాలు 2009 జూన్ 12తో ఆగిపోయి, డిజిటల్ ప్రసారాలే మిగిలాయి. మొదట పెట్టిన ఫిబ్రవరి 17 గడువును అక్కడిదాకా జరిపారు. ఆ తర్వాత వీసీఆర్ (టీవీ కార్యక్రమాలను క్యాసెట్ల మీద రికార్డు చేసే యంత్రం) పనికిరాదనుకుని పారేయాల్సిన పని లేకపోయింది. క్యాసెట్లు ఎప్పటిలాగే ఆడాయి, మూగబోయింది లోపలి ట్యూనర్ (ఛానెల్ పట్టే భాగం) ఒక్కటే. యాంటెన్నా మీద రికార్డు చేసుకునేవాళ్లకు కన్వర్టర్ బాక్సు (డిజిటల్ సిగ్నల్‌ను అనలాగ్‌గా మార్చేది) కావాల్సి వచ్చింది. దానికి అమెరికా ప్రభుత్వ టెలికాం సంస్థ ఎన్‌టీఐఏ 40 డాలర్ల కూపన్లు ఇచ్చింది.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో, ఫోన్‌లో, పోస్టులో, ఫ్యాక్స్‌లో పెట్టుకునే వీలుండేది. ఆఖరు తేదీ 2009 జులై 31. పేరు, ఇంటి చిరునామా, కేబులో శాటిలైటో ఉందా, కూపన్లు ఎన్ని కావాలి అని అడిగేవారు. ఆదాయం లెక్క అడిగేవారు కాదు.

పొరపాటు జరిగేది ‘ఎన్ని’ అన్న చోటే. ఉన్నది ఒక్క టీవీయే కదా అని ఒకటి రాసేసేవారు. బాక్సు ఒకసారికి ఒక్క ఛానెలే ఇస్తుంది. ఒకటి చూస్తూ ఇంకొకటి రికార్డు చేయాలంటే టీవీకి ఒకటి, వీసీఆర్‌కు ఒకటి పెట్టాల్సిందే. ఇంటికి రెండే ఇచ్చేవారు, అందుకే రెండూ అడగడమే మేలుగా ఉండేది.

కూపన్ ప్లాస్టిక్ కార్డు రూపంలో పోస్టులో వచ్చేది. 90 రోజుల్లో వాడేయాల్సి ఉండేది. బాక్సుకు ఒకటే చెల్లేది, రెండూ కలిపి ఒకదాని మీద వాడనిచ్చేవారు కాదు. 40 డాలర్లు దాటిన ధర, పన్ను కొనేవాళ్లే కట్టాల్సి వచ్చేది. డీవీడీ రికార్డర్‌కు చెల్లేది కాదు. వాడకుండానే గడువు దాటిపోయినవాళ్లకు మళ్లీ అడిగే వీలు 2009లో వచ్చింది. ఊళ్లో తక్కువ శక్తి స్టేషన్లుంటే అనలాగ్‌ను కూడా దాటనిచ్చే బాక్సు చూసి కొనాల్సి వచ్చేది. ఆ స్టేషన్లకు జూన్ 12 గడువు వర్తించలేదు.

బిగింపు ఇలా: యాంటెన్నా తీగను స్ప్లిటర్‌తో రెండు చేయండి. ఒక పాయ మొదటి బాక్సులోంచి నేరుగా టీవీకి, రెండోది రెండో బాక్సులోంచి వీసీఆర్‌కు, అక్కడినుంచి టీవీ ఏవీ ఇన్‌పుట్‌కు (బొమ్మ, శబ్దం తీగలు పెట్టే చోటు). వీసీఆర్‌ను 3వ ఛానెల్‌లో గానీ లైన్ ఇన్‌లో గానీ ఉంచాలి.

టైమర్ పెట్టినా, బాక్సులో ఛానెల్ మార్చడం వీసీఆర్‌కు చేతకాదు. ముందే ఆ ఛానెల్ పెట్టి, బాక్సును ఆన్‌లోనే వదలాలి. ఇక్కడో మెలిక ఉంది: రిమోట్ ముట్టుకోకపోతే ఈ బాక్సులు 4 గంటల తర్వాత వాటంతటవే ఆగిపోతాయి. రాత్రి 8కి సిద్ధం చేసి పడుకుంటే 12కే ఆగిపోతుంది. రాత్రి 1 గంటకు వచ్చే సినిమాకు వీసీఆర్ లేచి, ఖాళీ తెరను శ్రద్ధగా రికార్డు చేస్తుంది. మెనూలోకి వెళ్లి ఆ ఆటో ఆఫ్ తీసేయండి.