చిగురులో చీము, లోపల చచ్చిన నరం: ముందు దేనికి వైద్యం?

ఒకే పన్ను రెండు వైపుల నుంచీ చెడిపోవచ్చు. లోపల నరం కుళ్లుతుంది, బయట చిగురూ ఎముకా పంటిని వదిలేస్తాయి. వేరు కొసన ఉండే రంధ్రం, వేరు పక్కల ఉండే సన్నటి కాలువలు ఈ రెండింటినీ కలుపుతాయి కాబట్టి ఒకచోటి ఇన్ఫెక్షన్ రెండోచోటికి పాకుతుంది. అందుకే చిగురులో చీము కనిపించగానే అది చిగురు జబ్బే అనుకోకూడదు.

సమస్య: ఒక్క పన్ను దగ్గరే చీము పొక్కు. నొప్పి పెద్దగా లేదు, మిగతా చిగుళ్లు బాగున్నాయి.

కారణం: చాలావరకు నరం చచ్చిపోయి ఉంటుంది. బాగా చల్లబరిచిన దూది ఉండను ఆనిస్తే పక్క పన్ను జివ్వుమంటుంది, ఇది మాత్రం ఉలకదు పలకదు. ప్రోబ్‌తో, అంటే చిగురుకీ పంటికీ మధ్య సందు లోతు కొలిచే సన్నటి పరికరంతో, చుట్టూ కొలిస్తే అంతటా 2-3 మి.మీ. లోతే ఉండి, ఒక్కచోట మాత్రం సన్నగా వేరు కొస దాకా దిగిపోతుంది. పొక్కు రంధ్రంలోకి సన్నటి గుట్టాపెర్చా పుల్ల (ఎక్స్-రేలో కనిపించే రబ్బరు లాంటి పదార్థం) దూర్చి ఎక్స్-రే తీస్తే చీము ఎక్కడి నుంచి వస్తోందో తెలుస్తుంది.

పరిష్కారం: రూట్ కెనాల్, అంటే వేరు లోపలి కాలువల్లోంచి చచ్చిన నరాన్ని తీసి, శుభ్రం చేసి మూసేయడం. చాలాసార్లు అదొక్కటే చాలు, ఆ లోతైన సందు దానంతటదే మూసుకుంటుంది.

సమస్య: చాలా పళ్ల దగ్గర రక్తం, చిగుళ్లు జారడం, పళ్లు కదలడం. చల్లదనం మాత్రం తెలుస్తోంది.

కారణం, పరిష్కారం: ఇది చిగుళ్ల జబ్బు. స్కేలింగ్ (గార తీయడం), రూట్ ప్లేనింగ్ (చిగురు కింద వేరును గీకి నునుపు చేయడం), అవసరమైతే సర్జరీ. నరం బతికి ఉంటే రూట్ కెనాల్ జోలికి పోనక్కర్లేదు. కాకపోతే దవడ పళ్లకు ఒకటికి మించి వేర్లుంటాయి. ఒక వేరులో నరం చచ్చినా ఇంకో వేరు స్పందించి పరీక్షను తప్పుదారి పట్టించగలదు.

సమస్య: నరం చచ్చింది, చుట్టూ వెడల్పుగా ఎముకా పోయింది.

పరిష్కారం: ఇక్కడ వరస తప్పితే నష్టం. ముందు రూట్ కెనాల్ మొదలుపెట్టాలి. కాలువలను క్రిములను చంపే సోడియం హైపోక్లోరైట్‌తో కడిగి, అవసరాన్ని బట్టి కొన్నాళ్లు కాల్షియం హైడ్రాక్సైడ్ అనే మందు పెట్టి, తర్వాత సీల్ చేస్తారు. ఈలోగా పైపై గార తీయించుకోవాలి, బ్రషింగ్ సరిచేసుకోవాలి. కానీ వేరును లోతుగా గీకే పని అప్పుడే వద్దు. నరం వల్ల చెడిన చోట వేరును కప్పి ఉండే సిమెంటం పొర, పంటిని ఎముకకు పట్టి ఉంచే నారలు ఇంకా మిగిలి ఉండొచ్చు. తొందరపడి వాటిని గీకేస్తే చిగురు తిరిగి అతుక్కునే అవకాశాన్ని మనమే పోగొట్టినట్టు. రెండు మూడు నెలలు ఆగి మళ్లీ కొలవాలి. అప్పటికీ మిగిలిన లోతు చిగురు జబ్బుదే. దానికి రూట్ ప్లేనింగో, ఫ్లాప్ సర్జరీయో (చిగురును తెరిచి లోపల శుభ్రం చేయడం), ఎముక పొడి నింపడమో చేస్తారు. రూట్ కెనాల్ ఎంత బాగా కుదిరినా, పన్ను ఎన్నాళ్లు నిలుస్తుందన్నది ఎక్కువగా ఈ చిగురు వైద్యం చేతిలోనే ఉంటుంది. ఆ సంగతి పేషెంట్‌కి ముందే చెప్పాలి.

సమస్య: అన్నీ చేశాక కూడా చీము ఆగట్లేదు.

కారణం: డాక్టర్‌కి దొరకని కాలువ ఒకటి మిగిలి ఉండొచ్చు. పై దవడ మొదటి పెద్ద పంటిలో నాలుగో కాలువ ఇలా తరచూ తప్పిపోతుంది. లేదా వేరు నిలువునా పగిలి ఉండొచ్చు. ఒకేచోట సన్నగా లోతుకు దిగే సందు దానికీ గుర్తే. అదుపులో లేని షుగర్, సిగరెట్ కూడా పుండు మానడాన్ని అడ్డుకుంటాయి.

పరిష్కారం: కాలువ తప్పితే మళ్లీ రూట్ కెనాల్. పగులైతే సాధారణంగా పన్ను తీసేయడమే. బహుళ వేర్ల పంటిలో ఒక్క వేరే చెడితే దాన్ని మాత్రం కోసి తీసి మిగతాది నిలబెట్టే వీలుంటుంది.

ఒట్టి యాంటీబయాటిక్స్‌తో నెట్టుకురావడం మాత్రం వద్దు. చచ్చిన నరంలో రక్తం పారదు, మందు అక్కడికి చేరదు. ముఖం వాచి జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడమో ఊపిరో కష్టమైనా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.